తలకు పది పాయింట్లు

డాక్టర్ జాస్ట్రో నేలమాళిగ వాసన ఇన్నేళ్ళయినా నా ముక్కులోంచి పోలేదు. కరిగించిన సీసం, తడిసిన ఉన్ని మేజోళ్ళు, ఆరిపోయిన చుట్టలు, వీటన్నిటి మీదా లవంగనూనె. ఆయన పళ్ళ డాక్టరు. ఇంటి ముందు భాగంలో ఆస్పత్రి, వెనక కాపురం, అటక మీద గది నాకు అద్దెకిచ్చారు. వారమంతా ఆయన పక్కన నిలబడి రోగుల దవడలు పట్టుకునేదాన్ని, ఉత్తరాలు టైపు చేసేదాన్ని. ఆదివారం చర్చి అయ్యాక ఆయనా ఆయన స్నేహితులూ నేలమాళిగలో సీసపు సైనికులతో యుద్ధాలు ఆడుకుంటుంటే కాఫీ మోసేదాన్ని. అది నా ఉద్యోగంలో భాగం కాదు. కానీ ఆయన భార్య లియోనా ఆదివారాలు చెల్లెలింటికి వెళ్ళిపోయేది. కింద నుంచి "ఆర్డిస్! కాఫీ!" అని కేక వచ్చేది. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఆ కేకకి పలకాల్సింది నేనే కదా.

ఆ గది మధ్యలో పది అడుగుల బల్ల, దాని మీద ఇసుక. ఇసుకలో కొండలు, వాగులు, కోటలు. సైనికుల్ని డాక్టరు తన చేతులతోనే పోతపోసేవాడు. మైదానంలో రాళ్ళగుట్టలు కావాలి కదా, వాటికోసం ఆయన తను పీకిన పళ్ళు వాడేవాడు. అవి ఉడకబెట్టి, ఆరబెట్టి, డబ్బాలో పోసి ఇవ్వడం నా పని. ఊళ్ళో సగంమంది పళ్ళు ఆ ఇసుకలో ఉండేవి. చర్చిలో ఎవరైనా నన్ను చూసి నవ్వితే, ఆ నోట్లో ఖాళీ ఎక్కడుందో చూసి, ఆ పన్ను ఏ కొండ మీద ఉందో గుర్తొచ్చేది.

మాది విస్కాన్సిన్‌లో, మిసిసిపీ ఒడ్డున, కొండ కింద నక్కినట్టుండే క్రోనెన్ అనే ఊరు. నేను చెప్పేది 1971 జనవరి సంగతి.

ఆటకి ఎప్పుడూ వచ్చేది ఇద్దరు. లైల్ ఓస్బీ కౌంటీ తరఫున రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. సీసాలో ఊరేసిన హెర్రింగ్ చేపలు వేళ్ళతో తీసి తినేవాడు, ఆ వేళ్ళతోనే సైనికుల్ని జరిపేవాడు. రెండోవాడు ఎమిల్ టోబిష్. క్యాబేజీ పులియబెట్టి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పని. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. కొరియా యుద్ధంలో మంచుకి ఎడమచేతి రెండు వేళ్ళు కొయ్యబారిపోయాయి. కప్పు పట్టుకుంటే ఆ రెండూ నిటారుగా నిలబడేవి.

ఆ ఆదివారం ఏదో పెద్ద యుద్ధం. డాక్టరు పాచికలు వేశాడు, ఎమిల్ సైన్యం వరసలు వరసలుగా పోయింది. చచ్చిన బొమ్మల్ని డాక్టరు పళ్ళ అచ్చు తీసే పళ్ళెంతో ఇసుకతో సహా ఎత్తి పెట్టెలో పోస్తున్నాడు. ఎమిల్ చెయ్యి అడ్డం పెట్టి ఒక బొమ్మని తీసుకున్నాడు.

"వీడి పేరేంటి?" అన్నాడు.

ఓస్బీ చేపముక్క నోట్లో వేసుకుని "ఎవడి పేరు?" అన్నాడు.

"వీడిది. ఇప్పుడు చచ్చాడే, వీడిది."

"సీసం ముక్కకి పేరేంట్రా! బాప్తిస్మం ఇప్పిద్దామా? పాస్టరుగార్ని పిలవనా?"

"నాలుగువందల మందిని జరుపుతున్నాం. వీడు పొద్దున ఏం తిన్నాడో, ఇక్కడికెందుకొచ్చాడో మనకి తెలీదు. ఒక్కడి గురించైనా తెలీదు."

"నీ వంతు ఎమిల్," అన్నాడు డాక్టరు. "ఏడవాలంటే ఇంటికెళ్ళి ఏడువు. పాచిక వెయ్యి."

ఎమిల్ పాచిక వేశాడు. ఆ బొమ్మని మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను బొమ్మలేవీ తేలేదు. గోధుమరంగు కాగితం చుట్ట ఒకటి, స్కూలు పిల్లల నోటుపుస్తకం ఒకటి తెచ్చాడు. బల్ల చివర అట్టముక్క నిలబెట్టి దాని వెనక కూర్చున్నాడు.

"ఇవాళ సైన్యాల్లేవు," అన్నాడు. "ఒక్కొక్కరు ఒక్కో మనిషి. పేరు చెప్పండి. మీరు చూసేదీ వినేదీ నేను చెప్తా. మీరేం చేస్తారో మీరు చెప్పండి."

"మరి ఎవరితో యుద్ధం?" అన్నాడు డాక్టరు.

"తెలీదు. మీరెళ్ళి చూడాలి."

ఆ కాగితం మీద ఉన్నది మా కొండలోని పాత బీరు గుహల పటం. ఒకప్పుడు బీరు కంపెనీవాళ్ళు కొండని తొలిచి, నదిలో కోసిన మంచుగడ్డలు పేర్చి, పీపాలు చల్లగా దాచేవారు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. గుహలు గబ్బిలాలకి మిగిలాయి. ఎమిల్ చిన్నప్పుడు వాటిల్లో తిరిగాడట. పటంలో ఆ గుహల కింద మరో వరస గుహలు, వాటి కింద మరో వరస కల్పించాడు.

నేను కాఫీ పెట్టి వెనక్కి తిరిగేసరికి "ఆర్డిస్ గారూ, ఒక మనిషి తక్కువ. దీపం పట్టుకునేవాళ్ళు లేరు. కూర్చుంటారా?" అన్నాడు.

ఆ నేలమాళిగలో నన్ను ఎవరైనా గారు అనడం, కూర్చోమనడం అదే మొదలు. కూర్చున్నాను.

గుహలో మూడో మలుపు దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించిందన్నాడు ఎమిల్. ముందుకెళ్తే తెల్లగా, తడిగా, మనిషంత ఎత్తున్న జీవి. కళ్ళుండాల్సిన చోట చర్మం మూసుకుపోయి ఉంది. గోడకి చేరగిలబడి ఏదో నములుతోంది.

"గొడ్డలి ఎత్తా," అన్నాడు ఓస్బీ.

"నేను వెనకనుంచి వస్తున్నా," అన్నాడు డాక్టరు.

నాకు ఆట తెలీదు. నోటికొచ్చింది అడిగాను. "అది ఏం తింటోంది?"

ఎమిల్ అట్టముక్క పైనుంచి నన్ను చూశాడు. ఆ మొహంలో వచ్చిన వెలుగు నాకింకా గుర్తుంది. "కుళ్ళిన బార్లీ," అన్నాడు మెల్లిగా. "పాత పీపాల అడుగున మిగిలింది. ఆకలి మీదుంది. మీ దీపం వేడి దాని మొహానికి తగులుతోంది. భయపడుతోంది."

నేను దీపం వెనక్కి తీసి కింద పెడతానన్నాను. నా సంచిలో రొట్టె ఉంటే అది తీసి నేలమీద పెడతానన్నాను. ఓస్బీ బూతులు తిట్టాడు. కానీ ఆ జీవి రొట్టె తిని, మమ్మల్ని రెండో గుహలోకి దారి చూపించింది. డాక్టరు కూడా కాఫీ తాగడం మర్చిపోయాడు. సాయంత్రం లియోనా వచ్చి మెట్ల మీద నిలబడి భోజనానికి పిలిచేదాకా మాకు టైము తెలీలేదు.

ఆట అలా మొదలైంది. చూసింది నేను.

రెండేళ్ళు ఆడాం. నేను కాఫీ మోయడం మానేశాను, ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నారు. సంగతి పాకి మాడిసన్, లా క్రాస్ పట్టణాల నుంచి కూడా జనం కార్లేసుకుని వచ్చేవారు. ఎమిల్ నోటుపుస్తకాలు ఏడు నిండాయి. ఫ్యాక్టరీలో భోజనం వేళ రాసేవాడు కాబట్టి వాటినిండా క్యాబేజీ నీళ్ళ మరకలు. ఏ జీవికి ఏది ఇష్టం, దేనికి భయం, అది అక్కడికెలా చేరింది, ఇవే రాసుకునేవాడు. ఎవరైనా దేన్నైనా చంపితే ఆటలో ఏమీ వచ్చేది కాదు. అది చచ్చిపోయేది, అంతే. కింద గుహలో దాని జతది దానికోసం ఎదురుచూస్తూ కనిపించేది. ఓస్బీకి ఒకసారి అలా కనిపిస్తే వాడు చేపల సీసాకి మూత పెట్టేశాడు.

1973 వసంతంలో డాక్టరు "దీన్ని పుస్తకం చెయ్యాలి ఎమిల్. నీకు రాయడం రాదు, నాకొచ్చు. ఆ పుస్తకాలు నాకిచ్చెయ్," అన్నాడు.

ఎమిల్ ఏడూ ఇచ్చేశాడు.

నిజానికి డాక్టరుకీ రాయడం రాదు. చెప్తూ పోయేవాడు, నేను టైపు కొట్టేదాన్ని. అదీ ఎప్పుడు? రోగికీ రోగికీ మధ్య. కొన్నిసార్లు రోగి కుర్చీలో ఉండగానే. ఎమిల్ పుస్తకాల్లోంచి ముక్కలు ముక్కలుగా చదివి, మధ్యలో తన తెలివి కలిపేవాడు. ఆటలో ఆడమనుషులకి బలం అంకెలో రెండు తక్కువ అన్నాడు. ఆడవాళ్ళ అందానికి విడిగా ఒక పట్టిక వేయించాడు. అది చెప్పేటప్పుడు కిందపెదవి నాలుకతో తడుపుకున్నాడు. టైపు కొట్టాను. వేళ్ళు బంక అంటుకున్నట్టయ్యాయి, కానీ కొట్టాను.

ఒక మంగళవారం పొద్దున పాలకేంద్రంలో పనిచేసే ఒకాయన దవడపన్ను పీకించుకోవడానికొచ్చాడు. ముసలాయన. పన్ను విరిగి సగం లోపల ఉండిపోయింది. డాక్టరు పట్టకారుతో కెలుకుతున్నాడు. పక్కన గిన్నెలో నెత్తురూ ఉమ్మీ కలిసి తీగలా సాగుతోంది. ఒక మోకాలు ముసలాయన ఛాతీకి ఆనించి, నావైపు తిరిగి "ఆర్డిస్, రాసుకో. చంపినదానికి పాయింట్లు. కొత్త పేజీ," అన్నాడు.

"ఎమిల్ గారి పుస్తకంలో అలాంటిదేం లేదు డాక్టర్."

"లేదు కాబట్టే పెడుతున్నా. ఆట అన్నాక మనిషి ఎదగాలి. ఎదగాలంటే ఏదో ఒకటి పోగుపడాలి. రాసుకో. కళ్ళులేని గుహజీవి, తలకు పది." పట్టకారు తిప్పాడు. ముసలాయన గొంతులోంచి ఒక ఊళ వచ్చింది. "కదలకండి. ముసలిదైతే ఆరు. పిల్లది అయితే... పిల్లది అయితే అయిదు."

"పిల్లలకి కూడానా?"

"చంపేవాళ్ళు చంపుతారుగా. ఊరికే పోనివ్వడమెందుకు?"

పన్ను వచ్చింది. చూపించి గిన్నెలో పడేశాడు. టప్‌మంది. "దీన్ని ఉడకబెట్టు, పెద్ద రాయి అవుతుంది," అన్నాడు. నేను బాత్‌రూమ్‌లోకి పోయి నీళ్ళ తొట్టి పట్టుకుని నిలబడ్డాను. పొద్దున తిన్నది పైకొచ్చింది. మొహం కడుక్కుని బయటికొచ్చి ఆ పేజీ టైపు చేశాను. దాచడమెందుకు? నా చేతులతోనే చేశాను.

టైపు చేసిన కాగితాల కట్ట పూర్తయ్యాక దాన్ని తీసుకుని భోజనం వేళ ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఎమిల్ వెనక గుమ్మం దగ్గర పీపా మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. లోపల పెద్దపెద్ద తొట్లలో క్యాబేజీ పులుస్తోంది. ఆ పుల్లటి కుళ్ళువాసనలో అతను రొట్టె ఎలా తినేవాడో నాకర్థమయ్యేది కాదు.

మొదటి పేజీ చూశాడు. కాన్రాడ్ జాస్ట్రో సృష్టించిన ఆట అని ఉంది. ఇంకెవరి పేరూ లేదు.

"ఎమిల్ గారూ, ఇది అన్యాయం."

"పేరేగా. పెట్టుకోనీ," అన్నాడు. పేజీలు తిప్పుతూ, తన మాటలు కనబడ్డచోట చిన్నగా నవ్వుకున్నాడు. ముప్ఫయ్యొకటో పేజీ వచ్చింది. వేలు పెట్టుకుని పట్టిక కిందిదాకా చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. రొట్టె పక్కన పెట్టేశాడు. లేచి గోడవైపు తిరిగి వంగాడు. వాంతి అవుతుందనుకున్నాను, కాలేదు. ఉత్త డోకులు.

వచ్చి కూర్చున్నాక చెప్పాడు. "కొరియాలో ఒక కొండ. మేం తీసుకున్నాం, పోగొట్టుకున్నాం, మళ్ళీ తీసుకున్నాం. పొద్దున్నే మా లెఫ్ట్‌నెంటు ఒక పలకా పెన్సిలూ ఇచ్చి లెక్కపెట్టమన్నాడు. శత్రువులు ఎంతమంది పోయారో. సరే, వెళ్ళాను. నూట పన్నెండు అన్నాను. చాలదన్నాడు. చెయ్యి కనిపిస్తే ఒకటి, కాలు కనిపిస్తే ఒకటి వేసుకోమన్నాడు. మళ్ళీ వెళ్ళాను. మంచులో అతుక్కుపోయాయి, తన్ని చూడాల్సొచ్చింది. అక్కడ ఒక చెయ్యి చిన్నది. సైనికుడిది కాదు. అది వెయ్యనన్నాను. ఆయన నా పలక తీసుకుని తనే గీత పెట్టాడు. మధ్యాహ్నం మాకు పీచ్ పళ్ళ డబ్బాలు ఇచ్చారు. లెక్క బాగుందని."

మళ్ళీ ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

"నేను చేసిన ఆటలో ఒక్కటే ఉంది ఆర్డిస్," అన్నాడు. గారు అనడం అప్పుడే మానేశాడు. "లెక్క లేకపోవడం. మిగతాదంతా ఎవడైనా చెయ్యొచ్చు. వాడి పేరు వాణ్ణి పెట్టుకోమను. ఈ పేజీ తీసెయ్యమను. చాలు."

ఆ సాయంత్రం పని దిగి నేరుగా ఆస్పత్రికొచ్చాడు. నేను పనిముట్లు కడుగుతున్నాను. డాక్టరు చేతులు తుడుచుకుంటూ విన్నాడు. విన్నంతసేపూ గోళ్ళలో ఏదో తీసుకుంటున్నాడు.

"ఎమిల్, నువ్వు మంచివాడివి. కానీ ఆట గురించి నీకు తెలీదు. గెలుపు లేకపోతే ఎవరాడతారు?"

"రెండేళ్ళు ఆడారుగా."

"అది నువ్వు నడిపావు కాబట్టి. పుస్తకం కొనుక్కున్నవాడి ఇంటికి నువ్వెళ్ళి నడపవుగా? వాడికి ఏదో ఒకటి లెక్కపెట్టుకోడానికి ఉండాలి."

"పిల్లల్ని లెక్కపెట్టమంటున్నారు డాక్టర్. నేను లెక్కపెట్టాను. నాకు తెలుసు."

డాక్టరు నవ్వి అతని భుజం మీద చెయ్యేశాడు. "అవి బొమ్మలురా బాబూ. కాగితం. అదలా ఉంచు, నోరు తెరువు, ఆ దవడపన్ను నిన్ను పీడిస్తోందని ఓస్బీ చెప్పాడు. కూర్చో, రెండు నిమిషాల్లో లాగేస్తా."

ఎమిల్ ఆ చేతివైపు చూశాడు. దాన్ని తన భుజం మీదనుంచి, చచ్చిన ఎలకని తీసినట్టు రెండు వేళ్ళతో తీసి, బయటికి వెళ్ళిపోయాడు. ఆ నేలమాళిగలోకి మళ్ళీ రాలేదు. ఏడు నోటుపుస్తకాలూ డాక్టరు బీరువాలోనే ఉండిపోయాయి.

ప్రతులు తియ్యడం నా పనే. మా చర్చి వెనకగదిలో సైక్లోస్టైల్ యంత్రం ఉండేది. స్టెన్సిళ్ళు కొట్టేటప్పుడు మొదటి పేజీలో ఎమిల్ టోబిష్ పేరు కూడా చేర్చాను. డాక్టరు ఆ ఒక్క పేజీ అడిగి చూశాడు, "ఇదేంటి, తప్పు కొట్టావు," అని నా మొహాన పెట్టాడు. మళ్ళీ కొట్టించాడు. మిగతా పేజీలు ముట్టుకోలేదు. తన పేరున్న కాగితం తప్ప ఆయన దేన్నీ చదవడని నాకప్పుడు తెలిసింది.

అందుకే ముప్ఫయ్యొకటో పేజీ స్టెన్సిల్ని ముక్కలుగా చింపి చర్చి పొయ్యిలో పడేశాను. తర్వాతి పేజీల అంకెలు మార్చాను. రెండువందల ప్రతులు తీశాను. చేతులనిండా సిరా. ఆ మురికి మాత్రం నాకు రోత పుట్టించలేదు. తప్పు చేస్తున్నానని తెలుసు. ఎన్నాళ్ళ తర్వాతో కడుపునిండా అన్నం తిన్నట్టనిపించింది.

ఆగస్టులో సీసపు సైనికుల ఆటలాడేవాళ్ళంతా కలిసే సభ ఒకటి జాతరమైదానం షెడ్డులో జరిగింది. వేడి, చెమట, కాలిన సాసేజీల వాసన, మూడువందలమంది మగాళ్ళు. డాక్టరు కుర్చీ ఎక్కి నిలబడి, ఆ ఆలోచన తనకెలా వచ్చిందో చెప్పాడు. ఒక రోజు యుద్ధం మధ్యలో చచ్చిపడిన ఒక్క సైనికుణ్ణి చేతిలోకి తీసుకున్నాడట. వీడి పేరేమిటి అని తనని తాను అడిగాడట. గొంతు కూడా కాస్త వణికించాడు. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా పక్కన ఓస్బీ సాసేజీ నములుతూ తల దించుకున్నాడు.

"అది ఎమిల్ అన్న మాట కదా లైల్?" అన్నాను.

"ఏమో ఆర్డిస్. చాలా రోజులైంది," అన్నాడు. గడ్డం మీద ఆవముద్ద కారింది. తుడుచుకోలేదు.

పుస్తకాలన్నీ ఆ రెండు రోజుల్లోనే అయిపోయాయి. సెప్టెంబరు మధ్యలో ఉత్తరాలు మొదలయ్యాయి. పోస్టు విప్పేది నేనే. మొదటి ఉత్తరం ఒహాయో నుంచి. ఆట అద్భుతం, కానీ ఒక సందేహం, కళ్ళులేని జీవిని చంపితే ఏం వస్తుంది? రెండోది ఇండియానా నుంచి. చంపినదానికి ప్రతిఫలం పేజీ అచ్చులో పోయినట్టుంది, పంపగలరా? మూడోదీ అదే. పదోదీ అదే. నెలాఖరుకి అరవైమూడు వచ్చాయి. ఒక్కటంటే ఒక్కదాంట్లో కూడా అది ఏం తింటుంది అని అడగలేదు.

కొందరు ఆగలేక సొంత పట్టికలు తయారుచేసుకుని, సరిచూడమని జతచేశారు. గీతలు గీసి, రంగులు వేసి, ఎంత శ్రద్ధగానో. ఒకాయన చెవులకి వేరే, గోళ్ళకి వేరే పెట్టాడు. ఒక స్కూలు టీచరు కడుపుతో ఉన్నదైతే రెట్టింపు అని రాసి, న్యాయంగా ఉంటుందా అని మర్యాదగా అడిగాడు. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఆ కాగితం చేత్తో పట్టుకోలేక పట్టకారుతో ఎత్తి పక్కన పెట్టాను. అంతవరకూ నా రోతంతా ఒక్క మనిషి మీదే ఉండేది. ఆయన గోళ్ళు, ఆయన పెదవి, ఆయన పళ్ళడబ్బా. ఇప్పుడు ఇన్ని ఊళ్ళలో, ఇన్ని ఇళ్ళలో, నేనెన్నడూ చూడని మనుషులు, నేను చింపిన పేజీని ఎవరూ చెప్పకుండానే మళ్ళీ రాసుకున్నారు.

దాచి లాభం లేదు. మొత్తం తీసుకెళ్ళి డాక్టరు ముందు పడేశాను. "ముప్ఫయ్యొకటో పేజీ నేనే తీసేశాను. అడుగుతున్నారు," అన్నాను.

ఉద్యోగం పోతుందనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. ఆయన ఒక్కో ఉత్తరం చదువుతూ, మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు. చివరికి తొడ చరుచుకున్నాడు.

"చూశావా! నేనేం చెప్పాను? వాళ్ళే అడుగుతున్నారు! ఆర్డిస్, నువ్వు కావాలని చేసినా ఇంత బాగా చెయ్యలేవు. ఈసారి ఆ పట్టిక మూడో పేజీలో పెడదాం. ఈ చెవుల ఆలోచన బాగుంది, అది కూడా చేర్చు."

నాకు కోపం కూడా రాలేదు. నేను చేసిన ఒకే ఒక్క ఎదురుపనిని ఆయన ఎంగిలాకులా ఎత్తుకుని నాకేశాడు. ఆ పూటే పెట్టె సర్దుకున్నాను. లియోనా గుమ్మంలో నిలబడి "ఎందుకమ్మా, ఏమైంది?" అంది. "పళ్ళు ఉడకబెట్టలేనండీ ఇంక," అన్నాను. ఆవిడకి ఏమర్థమైందో, తల ఊపి లోపలికెళ్ళిపోయింది.

నదికి అవతల, మిన్నెసోటా వైపు, ధాన్యం కొట్టులో టైపిస్టుగా చేరాను. ఎమిల్‌కి ఆ ఉత్తరాల సంగతి చెప్పాలా వద్దా అని నెల రోజులు నలిగాను. ఒక ఆదివారం వాళ్ళింటికెళ్ళి చెప్పాను. అతని భార్య హుల్డా బంగాళదుంపల తొక్క తీస్తోంది. ఎమిల్ కిటికీ దగ్గర కూర్చుని విన్నాడు.

"అరవైమూడు మందా?"

"ఆ."

"మా లెఫ్ట్‌నెంటు ఒక్కడే చెడ్డవాడనుకుని ఇన్నాళ్ళూ బతికాను," అన్నాడు. ఆ మాటకి హుల్డా కత్తి ఆగిపోయింది. కాసేపటికి అతనే లేచి సొరుగులోంచి గోధుమరంగు కాగితం తీశాడు. "ఎలాగూ వచ్చావుగా. దీపం పట్టుకో. హుల్డా, నువ్వు కూడా రా. దుంపలు తర్వాత."

అయిదేళ్ళు అలా ఆ వంటగదిలో ముగ్గురం ఆడాం. మధ్యలో హుల్డా తమ్ముడొచ్చి కొన్నాళ్ళు ఆడాడు. ఎమిల్ మళ్ళీ ఏదీ రాయలేదు. అంతా తలలోనే. డాక్టరు పుస్తకం మాత్రం ఊళ్ళు దాటింది, రాష్ట్రాలు దాటింది. ఆయన ఆస్పత్రి మూసేసి, రంగు అట్టల పెట్టెల్లో పెట్టి పంపడం మొదలెట్టాడు. అట్టమీద బొమ్మలో కళ్ళులేని జీవిని కత్తితో పొడుస్తున్న వీరుడు. నెత్తురు ఎర్రగా, జామ్‌లా.

1978 నవంబరులో ఎమిల్ పోయాడు, గుండెపోటు. ఫ్యాక్టరీలో తొట్టి పక్కనే పడిపోయాడట. అంత్యక్రియలయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. హామ్ పెట్టిన బన్నులు, బంగాళదుంపల సలాడు, కాఫీ. జాస్ట్రో వచ్చాడు. పెద్ద పూలచక్రం పంపాడు. దాని రిబ్బను మీద, మా తొలి ఆటగాళ్ళలో ఒకడికి, అని అచ్చువేయించాడు. పళ్ళెం నిండా పెట్టుకుని పాస్టరుతో చెప్తున్నాడు. "ఎమిల్ మంచి ఆటగాడండీ. పాపం, కొంచెం సున్నితం. నేను ఆట కనిపెట్టిన కొత్తలో రోజూ వచ్చేవాడు." మాట్లాడుతుంటే నోట్లోంచి సలాడు తుంపర పాస్టరు కాలరు మీద పడింది.

నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"మీరు కనిపెట్టలేదు. ఆ ఆట ఎమిల్ టోబిష్ చేశాడు. నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. మీరు చేసింది ఒక్క పేజీ. పిల్లల్ని చంపితే అయిదు పాయింట్లు. అదొక్కటే మీది."

హాల్లో చెంచాలు ఆగాయి. ఓస్బీ తన పళ్ళెంలోకి చూసుకుంటున్నాడు. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, జాలిపడ్డట్టు నవ్వాడు. "ఆర్డిస్. పెళ్ళయిందా నీకు?" అన్నాడు. ఎవరో ఇబ్బందిగా నవ్వారు. ఇంకెవరో ఆవ డబ్బా ఇటు అందించమన్నారు. మళ్ళీ చెంచాల చప్పుడు మొదలైంది. నేనన్న మాట అక్కడ పడ్డట్టే లేదు. ఇంతమంది ఇంత నెమ్మదిగా నములుతుంటే వినడం కన్నా రోతైన సంగతి నేనింతవరకూ ఎరగను.

కోటు తీసుకుని బయటికొచ్చాను. మెట్ల మీద హుల్డా కూర్చుని ఉంది. చలికి ముక్కు ఎర్రబడింది.

"విన్నాను," అంది. "మా ఆయనకి ఇలాంటివి నచ్చేవి కావు. కానీ నాకు నచ్చింది." కొంచెం జరిగి చోటిచ్చింది. "ఆదివారం వస్తావా? నడపడం నాకు రాదు. నువ్వే నడపాలి."

వస్తానన్నాను. వెళ్ళాను. కాగితం పరిచి, అట్టముక్క నిలబెట్టి కూర్చున్నాను. హుల్డా, ఆవిడ తమ్ముడు ఎదురుగా. నేనేం చెప్పినా చెక్కబొమ్మలా ఉండేది. ఆ జీవులు ఎందుకున్నాయో, వాటికేం కావాలో ఎమిల్‌కి తెలిసినట్టు నాకు తెలీలేదు. నాలుగు ఆదివారాలు అలా చూశాం. అయిదోసారి హుల్డా "పోనీలే ఆర్డిస్, ఊరికే కాఫీ తాగుదాం," అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు కాఫీ తాగడానికి వెళ్ళాను.